మా ఊరి దివాణంలో తడిసిపోతున్న తాళపత్రాలు: ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మ్యూజియం పర్యవేక్షణాధికారి గారికి,

నమస్కారం. మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాను. జవాబు రాలేదు. అందుకే ఈ లేఖను నలుగురి ముందు పెడుతున్నాను.

కోనసీమలోని మా ఊరి జమీందారీ దివాణాన్ని మ్యూజియంగా మార్చినప్పుడు, మా నాన్నగారు ప్రాణప్రదంగా దాచుకున్న తాళపత్రాలను సంతోషంగా అప్పగించాను. గత నెల మనవరాలికి వాటిని చూపించాలని తీసుకువెళ్ళాను. అద్దాల పెట్టెలో ఆకులు బూజు పట్టి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. "తాతయ్యా, ఇందులో ఏమి రాసి ఉంది?" అని అడిగింది. చదివి చెప్పలేకపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం కళ్ళకు కనిపిస్తూనే ఉంది. గానుగ సున్నంతో కట్టిన గోడలకు మరమ్మతుల పేరిట సిమెంటు పూశారు. సున్నపు గోడ పీల్చుకున్న తేమను తిరిగి బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలతో పచ్చబడిన డెల్టా ఇది. ఇక్కడి గోడలను తడి వదలదు. పాత మేస్త్రీలకు ఈ సంగతి బాగా తెలుసు. వారిని ఎవరూ అడగలేదు.

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో పురస్కారం దక్కింది. మేము అంత పెద్ద పని కోరడం లేదు.

తొలకరికి ముందే సిమెంటు పూత తీయించి, సున్నంతో మరమ్మతు చేయించండి. తాళపత్రాలను వెంటనే పొడి గదికి మార్పించి, నిపుణులతో శుభ్రపరిపించి, ప్రతి ఆకునూ ఫొటో తీయించండి. ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు