రాయలు కట్టని కోట

సంపాదకుడికి,

2025 ఏప్రిల్‌లో, టైమ్ మెషిన్‌లో శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్లే సినిమా ‘ఆదిత్య 369’ మళ్లీ థియేటర్లకు వస్తే మా మనవణ్ని తీసుకెళ్లాను. తర్వాతి ఆదివారం మన విజయనగరం కోట చూపిస్తుంటే, “తాతా, టైమ్ మెషిన్ దిగింది ఇక్కడేనా?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పక్కన సెల్ఫీ తీసుకుంటున్న ఒకాయన, “అవును బాబూ, రాయలవారి కోట ఇదే” అని తేల్చేశారు.

ఆయన్ని మాత్రం ఏమనగలం? మన ఊరూ విజయనగరమే, ఆ సామ్రాజ్యమూ విజయనగరమే. ఇంగ్లిషులో స్పెల్లింగు తేడా అయినా ఉంది, తెలుగులో అదీ లేదు. సినిమాలో యంత్రం వెళ్లేది 1526కి. రాయల రాజధాని ఎక్కడో తుంగభద్ర ఒడ్డున హంపి. ఆయన 1529లో పోయారు. ఇక్కడి పూసపాటి రాజులు మన కోటకు శంకుస్థాపన చేసింది 1713లో. మధ్యలో 184 ఏళ్లు! నేను సోషల్ టీచరుగా ఉన్నప్పుడు ఏటా ఎవడో ఒకడు పరీక్షలో రాయలను మన ఊరి గంటస్తంభం దాకా నడిపించేవాడు. సున్నా వేసేవాణ్ని. అర మార్కు వేసినా పోయేదేమో.

అసలు సంగతేమిటంటే, రాయలు మన వైపు నిజంగానే వచ్చారు. ఒడిశా గజపతుల మీద కళింగ దండయాత్రకు వచ్చినప్పుడు, 1516లో సింహాద్రి అప్పన్నకు 991 ముత్యాల హారం సమర్పించినట్టు గుడిలో శాసనం ఉంది. సినిమా కథంతా ఒక్క వజ్రం చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ ముత్యాలు లెక్కపెట్టి మరీ రాతి మీద చెక్కించారు. పద్మనాభం దగ్గర పొట్నూరులో విజయస్తంభం నాటించిందీ ఆయనే. మన పిల్లలకు కల్పిత ప్రయాణం తెలుసు, అసలు ప్రయాణం తెలీదు.

కోట గుమ్మం దగ్గర ఒక తెలుగు బోర్డు పెట్టమని పర్యాటక అధికారులను కోరుతున్నాను. కట్టినవారి పేరు, 1713, కింద రాయల సంగతి ఒక్క ముక్క చాలు. పొట్నూరు మలుపులో బాణం గుర్తు ఇంకొకటి. అది విశాఖ జిల్లా లెక్క, మాది కాదంటారేమో. రాయలు వచ్చిననాడు ఈ జిల్లాలెక్కడివి?

మొన్న మనవణ్ని బండి మీద ఎక్కించుకుని పొట్నూరు బయల్దేరాను. రెండుచోట్ల దారి అడగాల్సి వచ్చింది. రెండోచోట టీ కొట్టాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, “రాయలోరి స్తంభమా? ఆయన మీ ఊరి రాజే గదా, మమ్మల్ని అడుగుతారేటి?” అన్నాడు.

— ఒక విశ్రాంత సోషల్ టీచర్,
కంటోన్మెంట్, విజయనగరం