పంతులు గారి కథ ఎవరు రాస్తారు?

సంపాదకుడు గారికి,

2017లో వచ్చిన ‘ది యంగ్ కార్ల్ మార్క్స్’ సినిమా అడవిలో మొదలవుతుంది. రాలిన పుల్లలు ఏరుకుంటున్న పేదలను గుర్రాల మీద వచ్చి చితకబాదుతారు. కట్టెల దొంగతనం చట్టంపై 1842లో పత్రికలో రాసేనాటికి మార్క్స్‌కు 24 ఏళ్లే. ఆ సీన్‌ను పార్వతీపురం ఏజెన్సీ వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మార్క్స్ తొలినాళ్ల మీద సినిమా వచ్చినట్టే, అదే ఏజెన్సీలో పంతులుగా పనిచేసి, తర్వాత శ్రీకాకుళం గిరిజన సాయుధ పోరాటానికి నాయకుడైన వెంపటాపు సత్యం తొలినాళ్ల మీద నాటకం వేయరేం? మనవాళ్లకు ఎర్రజెండా, డప్పు, చివర్లో తూటా ఉంటే చాలు. పలక మీద అక్షరాలు దిద్దించిన మనిషి తుపాకీ దాకా ఎలా వెళ్లాడన్నదే కదా అసలు డ్రామా! ఆయన దారి నచ్చనివాళ్లూ (నేనూ ఆ బాపతే) కూర్చుని చూస్తారు. గురజాడ తిరిగిన ఊళ్లో నాటక పోటీలు పెట్టేవాళ్లు ఈసారి ఇలాంటి స్క్రిప్టులు అడగాలి. దేవుణ్ణి చేసి దండలేసే రకం మాత్రం వద్దు.

– ఓ నాటకాభిమాని, విజయనగరం