భీమవరం నుంచి, నా నడుం కోసం నిలబడ్డ వాళ్ళందరికీ

నిన్న సాయంత్రం షాపులో ఒక పట్టు లంగాకి అంచు కుట్టడం పూర్తిచేసి లేచాను. గడియారం చూశాక గానీ తెలియలేదు, నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నానని. జనవరిలో నాలుగు నిమిషాలు కూర్చోలేకపోయిన దాన్ని. ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్తే, "నాతో కాదు, ముందు వాళ్ళందరికీ చెప్పు" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు, వాళ్ళెవరో వాళ్ళకి తెలుస్తుంది.

నేను ఇరవై రెండేళ్ళుగా భీమవరంలో బట్టలు కుడుతున్నాను. ధనుర్మాసం దగ్గరపడిందంటే సంక్రాంతి కుట్లు గుమ్మం దాకా పేరుకుపోతాయి. డిసెంబరు రెండో వారంలో ఒక రాత్రి నేల మీద కూర్చుని జాకెట్లు కత్తిరిస్తూ, అలాగే వంగి పక్కనున్న లైనింగ్ తాను లాగాను. నడుంలో కలుక్కుమంది. పట్టేసింది కాబోలు, నాలుగు రోజుల్లో అదే వదులుతుందనుకున్నాను. ఉప్పు మూటతో కాపడం పెట్టుకున్నాను. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకున్నాను. మా అత్తయ్యగారు పక్కవీధిలో ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లాణ్ణి పిలుచుకొచ్చి నా నడుం మీద తన్నించారు. పాపం, వాడు భయపడుతూ మూడుసార్లు కాలు ఆనించి పారిపోయాడు. ఆవిడ ప్రేమ నాకు తెలుసు. ఆ నెల రోజులూ నా చేత చెంబెడు నీళ్ళు కూడా ఎత్తనివ్వలేదు.

పది రోజులకి నడుం నొప్పి కాస్త తగ్గి కాలు నొప్పి మొదలైంది. కుడి పిర్ర దగ్గర నుంచి తొడ వెనకగా పిక్కలోకి కరెంటు పాకినట్టు ఉండేది. తుమ్మితే కళ్ళ వెంట నీళ్ళొచ్చేవి. పాదం బయటి అంచు, చిటికెన వేలు మొద్దుబారిపోయాయి. జనవరి మొదటి వారంలో ఎమ్మారై తీయించాం. ఆ ఫిల్ము తీసుకుని చూపించుకోవడానికి వెళ్తే, అక్కడి డాక్టరు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, నన్ను బల్ల ఎక్కమని కూడా అనకుండా, "మూడు డిస్కులు పోయాయమ్మా. ఎల్లుండి ఆపరేషన్ చేసేద్దాం. ఆలస్యం చేస్తే కాలు పడిపోతుంది" అన్నారు. లక్షా నలభై వేలు అవుతుందన్నారు. ఆయన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. కానీ ఆ రాత్రి నేను నిద్రపోలేదు. కాలు పడిపోతే మిషన్ ఎలా తొక్కను, ఇంటర్ చదివే పిల్లని ఎలా చదివించను అన్నదే తలలో తిరిగింది. మర్నాడు బంగారం తాకట్టు పెట్టడానికి మా ఆయన పాసుపుస్తకం వెతుకుతున్నారు.

ఆ పొద్దున్నే షాపుకి వచ్చిన స్టాఫ్ నర్సు గారికి నా మొదటి నమస్కారం. మేడమ్, మీరు పండక్కి ఇచ్చిన జాకెట్టు కోసం వచ్చారు. నేను కత్తిరింపు చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాను. మీరు బట్టల మాట ఎత్తలేదు. నా పక్కన నేల మీద కూర్చుని మూడు ప్రశ్నలు అడిగారు. మూత్రం వచ్చినట్టు తెలియకుండా పోతోందా, లేక రావాల్సినప్పుడు రాకుండా బిగుసుకుపోతోందా? సైకిల్ సీటు ఆనుకునే చోట చెయ్యి పెడితే స్పర్శ తెలుస్తోందా? నడుస్తుంటే చెప్పు కాలి నుంచి దానంతటదే జారిపోతోందా? వీటిలో మొదటి రెండింటిలో ఏ ఒక్కటున్నా ఇప్పుడే, ఈ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి, అది నడుం చివర నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోవడం, దానికి గంటలు లెక్క అన్నారు. పాదం జారుతుంటే రోజులు లెక్క. ఏదీ లేకపోతే ఇంకో డాక్టరుకి చూపించుకునేంత టైము నీకుందమ్మా అన్నారు. నాకు ఏదీ లేదు. "టైముంది" అన్న ఆ ఒక్క మాటతో మా ఆయన చేతిలో పాసుపుస్తకం బీరువాలోకి వెళ్ళిపోయింది. నాకు ఎవరూ అంతవరకు ఏది తొందరో, ఏది కాదో విడదీసి చెప్పలేదు.

విజయవాడలో రిటైరైన న్యూరోసర్జరీ ప్రొఫెసర్ గారి దగ్గరికి పంపింది కూడా ఆవిడే. సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు రైల్లో వెళ్ళాం. కూర్చోలేక కైకలూరు దాటేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. సారు ఫిల్ము కవరు పక్కన పెట్టించి, ముందు నన్ను నడిపించారు. మడమల మీద నడవమన్నారు, నడిచాను. తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలి మునివేళ్ళ మీద లేవమన్నారు. ఎడమ కాలితో పదిసార్లు లేచాను. కుడి కాలితో ఆరోసారికి వణికిపోయింది. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు ఎత్తితే సగం దూరం కూడా రాకుండానే అరిచాను. మడమ వెనక సుత్తితో తడితే ఎడమ పాదం ఎగిరింది, కుడిది ఎగరలేదు. అప్పుడు ఫిల్ము తీశారు.

ఆయన చెప్పిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. వెన్నుపూసల మధ్య డిస్కు పూర్ణం బూరె లాంటిదట. బయట గట్టి తోపు, లోపల మెత్తటి పూర్ణం. నాది నడుం చివరి పూస ఎల్5కీ, దాని కింది ఎస్1 ఎముకకీ మధ్య తోపు చిరిగి పూర్ణం బయటికొచ్చి కుడివైపు ఎస్1 నరాన్ని నొక్కుతోంది, కాస్త వాపు కూడా చేసింది. చిటికెన వేలి మొద్దుబారడం, మునివేళ్ళ బలం తగ్గడం, సుత్తితో తడితే పాదం ఎగరకపోవడం, మూడూ ఆ ఒక్క నరం లెక్కే. మిగతా రెండు డిస్కుల ఉబ్బు సంగతి అడిగాను. నొప్పే ఎరుగని 98 మందికి అమెరికాలో ఎమ్మారై తీస్తే 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి కనిపించిందని 1994లోనే అచ్చయిందమ్మా, ఆ రెండింటినీ నీ లెక్కలోంచి తీసెయ్ అన్నారు. మూడు డిస్కులు పోయాయన్న మాట అక్కడ రాలిపోయింది. ఇంకో మాట నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. బయటికొచ్చిన ఆ పూర్ణాన్ని చాలామందిలో ఒళ్ళే నెమ్మదిగా కరిగించుకుంటుందట, పైగా కొద్దిగా ఉబ్బినదాని కన్నా పూర్తిగా బయటపడిన ముక్కే బాగా కరుగుతుందట. రిపోర్టులో "ఎక్స్‌ట్రూజన్" (ముక్క బయటికి రావడం) అన్న మాట చూసి నేను రెండు వారాలు ఏడ్చాను.

తర్వాత సారు మూడు దారులు నా ముందు పెట్టారు, ఏదీ దాచలేదు. మైక్రోడిసెక్టమీ, అంటే చిన్న కోతతో ఆ బయటికొచ్చిన ముక్కని తీసేసే ఆపరేషన్, చేస్తే కాలు నొప్పి తొందరగా పోతుంది, ఆ పనికి అది మంచి ఆపరేషనే, కానీ నడుం నొప్పికి అంత గ్యారంటీ లేదు, వందలో ఐదు నుంచి పదిహేను మందికి అదే చోట మళ్ళీ ముక్క బయటికి రావచ్చు. నరం మొదట్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే డిస్కు చిన్నది కాదు, వాపు తగ్గి కొన్ని వారాలు ఊపిరి తీసుకోవచ్చు. నాకు షుగరుంది కాబట్టి ఆ వారం షుగరు పెరుగుతుంది, చూసుకోవాలి. మూడోది, మందులూ వ్యాయామంతో ఆగడం. "నీకు ఏది భరించలేనిదో నువ్వు చెప్పాలి, నేను చెప్పలేను" అన్నారు. ఆగితే మాత్రం మార్చి 15 దాకానే. ఈలోగా మునివేళ్ళ బలం ఆరు నుంచి కిందికి దిగితే అదే రోజు ఫోను చెయ్యాలి. దిగకపోయినా ఆ తారీఖుకి నొప్పి తగ్గకపోతే ఆపరేషన్. సారు, మీరు ఫీజు వద్దన్నారు. మీరిచ్చిన ఆ తారీఖు విలువ నేను కట్టలేనిది. ఆగడానికి ఒక గడువుందని తెలిశాక భయం సగం పోయింది.

ఫార్మ్‌డీ (మందుల చదువు) చదివే మా మేనల్లుడు ఆ రాత్రే ఫోనులో ఒక నెదర్లాండ్స్ పరిశోధన గురించి తెలుగులో విడమర్చి చెప్పాడు. 2007లో అచ్చయింది. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన కాలు నొప్పి ఉన్న 283 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి తొందరగా ఆపరేషన్, రెండో జట్టుకి ఆగి, కావాలంటేనే ఆపరేషన్. మొదటి జట్టులో సగం మంది నాలుగు వారాలకల్లా కోలుకున్నారు, రెండో జట్టులో సగం మందికి పన్నెండు వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది బాగున్నారు. రెండో జట్టులోనూ 39 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. "అత్తా, నువ్వు డబ్బు పెట్టి కొనేది ఆ ఎనిమిది వారాలు. నీకు అవి కావాలా వద్దా అన్నదే ప్రశ్న" అన్నాడు. నాన్నా, ఇరవై రెండేళ్ళవాడివి, నాకు లెక్క అంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు. తల తిరిగిపోతోందని నేను చెప్పిన ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మాత్ర గురించి కూడా, కాలు నొప్పికి అది మందు లేని ఉత్త మాత్ర కన్నా మెరుగు కాదని 2017లో 209 మంది మీద తేలిందని చెప్పి, అయినా నీ అంతట నువ్వు ఆపకు, సారుని అడిగి తగ్గించుకుంటూ మానెయ్ అన్నావు. అలాగే చేశాను.

పాలకొల్లు నుంచి వచ్చిన ఆటో అన్నయ్య గురించి రాస్తుంటే గొంతు పట్టేస్తోంది. మా షాపులో పనిచేసే అమ్మాయికి బాబాయి ఆయన. నా సంగతి విని కిరాయిలు మానుకుని తన ఆటోలోనే వచ్చారు. గుమ్మంలో నిలబడి ప్యాంటు పైకి మడిచి బూటులో ఉన్న ప్లాస్టిక్ పట్టీ చూపించారు. ఆయనకి పాదం పైకి లేవడం మానేసి చెప్పు జారిపోతుంటే, ఆపరేషన్ అంటే భయంతో నాలుగు నెలలు నాటు మాలిష్ చేయించుకున్నారు. చివరికి ఆపరేషన్ అయిన రాత్రే కాలు నొప్పి పోయింది గానీ పాదం పూర్తిగా తిరిగి రాలేదు. "చెల్లమ్మా, భయపడి మాత్రం ఆగొద్దు. అక్కర్లేదని తేలితే ఆగు" అన్నారు. ఆగమని చెప్పేవాళ్ళు నా చుట్టూ చాలామంది ఉన్నారు. ఆగకూడనిది ఎప్పుడో తన కాలు చూపించి చెప్పింది ఆయనొక్కరే. అన్నయ్యా, మీరు ఆ రోజు పోగొట్టుకున్న కిరాయి డబ్బులు తీసుకోలేదు, కనీసం మా ఇంట్లో అన్నమైనా తినలేదు. ఈ సారి తినకుండా వెళ్ళనివ్వను.

నేను ఆగుదామనే నిర్ణయించుకున్నాను. కానీ జనవరి ఆఖరికి నిద్ర పూర్తిగా పోయింది. రాత్రంతా వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడేదాన్ని. అప్పుడు ఇంజెక్షన్ తీసుకున్నాను. ఎక్స్‌రేలో చూస్తూ ఇచ్చారు, పావుగంట పని. మూడో రోజు నుంచి నొప్పి సగమైంది. షుగరు ఐదారు రోజులు మూడొందల దగ్గర ఆడి మళ్ళీ దిగింది. ఆ నిద్ర దొరకబట్టే వ్యాయామం చేయగలిగాను.

ఫిజియో అమ్మాయికి ఎలా చెప్పను! మంచం దిగొద్దని అందరూ అంటుంటే, నువ్వు గంటకోసారి ఐదేసి నిమిషాలు నడిపించావు. బోర్లా పడుకుని మోచేతుల మీద లేవమన్నప్పుడు నడుంలో నొప్పి పెరిగిందని నేను ఆపేస్తే, "అక్కా, పిక్కలో ఎలా ఉంది?" అని అడిగావు. పిక్కలో తగ్గింది. నొప్పి కాలి చివర నుంచి నడుం వైపు జరిగితే అది మంచి గుర్తు, నడుంలో కొంచెం ఎక్కువైనా పర్లేదు, కిందికి జారితే మాత్రం ఆపెయ్ అన్నావు. తర్వాత మా షాపుకొచ్చి, నేను నేల మీద కత్తిరించే చోటు చూసి మొదటిసారి కోప్పడ్డావు. మా ఆయన పాత తలుపు చెక్కతో ముప్ఫై ఆరంగుళాల ఎత్తు బల్ల చేయించారు, ఇప్పుడు నిలబడే కత్తిరిస్తున్నాను. మిషన్‌కి మోటారు పెట్టించాను. పెడల్ ఎడమ కాలి వైపు జరిపాను.

మా షాపు అమ్మాయిలిద్దరూ పండక్కి తొంభై జాకెట్లు రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని కుట్టారు. జీతం అడగడానికి మొహమాటపడ్డారు. మా అత్తయ్యగారు, మా ఆయన, మా పాప సంగతి ఇక్కడ రాస్తే వాళ్ళు ఒప్పుకోరు.

మార్చి 15న సారు దగ్గరికి వెళ్ళాను, ఈసారి కూర్చునే వెళ్ళాను. కుడి కాలి మునివేళ్ళ మీద తొమ్మిదిసార్లు లేచాను. సుత్తితో తడితే కుడి పాదం ఇంకా ఎగరలేదు, అది ఎగరకపోయినా పర్లేదన్నారు. ఆపరేషన్ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చిటికెన వేలు ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంది. ఎక్కువసేపు వంగితే నడుం గుర్తుచేస్తుంది. నాది ఇలా తగ్గింది కదా అని ఇంకొకరు నన్ను చూసి ఆగిపోకండి. మీ పాదం, మీ మూత్రం, మీ స్పర్శ సంగతి ముందు చూసుకోండి, పరీక్ష చేసి చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

నర్సు మేడమ్, మీ సంక్రాంతి జాకెట్టు ఉగాదికి గానీ ఇవ్వలేకపోయాను. దానికి హుక్కులు నా చేత్తోనే కుట్టాను. ఫిజియో అమ్మా, ప్రతి ఆదివారం రెండు పిక్కలూ టేపుతో కొలిచి పుస్తకంలో రాయమన్నావుగా, ఒక్క వారం కూడా మానలేదు. జనవరిలో ఎడమ పదమూడుంపావు, కుడి పన్నెండుంముప్పావు. ఈ ఆదివారం ఎడమ పదమూడుంపావు, కుడి పదమూడు.