రోగనిరోధక వ్యవస్థను నడిపించేది కణాల సంకేతాలే

సంపాదకులకు నమస్కారం.

రోగనిరోధక శక్తిని పెంచుకోవాలని చెప్పే వ్యాసాలు, ప్రకటనలు పత్రికల్లో ఏడాది పొడవునా వస్తున్నాయి. వాటి వల్ల ఆ శక్తి ఎంత ఎక్కువైతే అంత మేలన్న అభిప్రాయం పాఠకుల్లో పాతుకుపోతోంది. నిజానికి శరీరం జబ్బును ఎలా ఎదుర్కొంటుందన్నది కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాల మీద, అవి ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మనకు బాగా తెలిసిన క్షయనే తీసుకుందాం. ఊపిరితిత్తుల్లోకి చేరిన క్షయ క్రిములను మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలు మింగుతాయి గాని చాలాసార్లు చంపలేవు. క్రిములు ఆ కణాల్లోనే తలదాచుకుంటాయి. టి-కణాలనే మరో రకం రక్షక కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం మాక్రోఫేజ్ మీద దాన్ని అందుకునే గ్రాహకానికి అతుక్కుని, ఆ కబురు జాక్, స్టాట్ అనే ప్రొటీన్ల ద్వారా కేంద్రకానికి చేరితే తప్ప, క్రిమిని చంపే సత్తా ఆ కణానికి పూర్తిగా రాదు. టీఎన్‌ఎఫ్ అనే మరో సంకేతం రక్షక కణాలను క్రిముల చుట్టూ గుమిగూడేలా చేసి, ఆ క్రిములను ఏళ్ల తరబడి కదలకుండా బంధించి ఉంచడానికి తోడ్పడుతుంది. క్షయ క్రిమి సోకిన వారిలో అత్యధికులకు జబ్బు బయటపడకపోవడానికి ఈ ఏర్పాటే ముఖ్య కారణం.

ఇదే టీఎన్‌ఎఫ్ అవసరం లేని చోట ఆగకుండా వెలువడితే కీళ్లు వాచి, క్రమంగా దెబ్బతింటాయి. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనే కీళ్లవాతంలో జరిగేది చాలావరకు ఇదే. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి మందులు ఎందరినో మంచం మీది నుంచి లేపి నడిపించాయి. అయితే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడేవారిలో లోపల అణిగి ఉన్న క్షయ తిరగబెడుతోందని 2001లోనే వెల్లడైంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు ఉన్న మన దేశంలో, ఈ మందులు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, అణిగి ఉన్న క్షయను పట్టే మాంటూ అనే చర్మ పరీక్ష లేదా ఇగ్రా అనే రక్త పరీక్ష చేయించడాన్ని ఎవరూ లాంఛనంగా భావించకూడదు.

శరీరానికి ఆపే సంకేతాలూ అంతే అవసరం. రక్షక కణాలను అదుపులో ఉంచే నియంత్రక టి-కణాల మీద చేసిన పరిశోధనకే 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది. కోవిడ్ తీవ్రమైన ఎందరిలోనో వైరస్‌తో పాటు అదుపు తప్పిన సంకేతాలూ ఊపిరితిత్తులను దెబ్బతీశాయి. అందుకే 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే ఔషధ పరీక్షలో, ఆ సంకేతాలను అణచే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు వెంటిలేటర్ మీదున్న వారి మరణాలను సుమారు మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం పడని వారికి మాత్రం దానివల్ల మేలు కనిపించలేదు.

కాబట్టి ఇమ్యూనిటీ పెంచుతుందంటూ వచ్చే ఏ ఉత్పత్తి గురించి రాసినా, అది ఏ కణం మీద, ఏ సంకేతం మీద పనిచేస్తుందో, అందుకు మనుషుల మీద జరిగిన పరీక్షల ఆధారం ఉందో లేదో అడిగి ప్రచురించమని కోరుతున్నాను. కీళ్లవాతానికి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు వాడుతున్న వారు జ్వరం గాని దగ్గు గాని విడవకుండా ఉంటే, మందుల సంగతి చెప్పి వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలన్న సూచనను కూడా మీ ఆరోగ్య పేజీలో ప్రముఖంగా వేయగలరు.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ