సీనాకు, నీ గండికోట ఆట గురించి

కడప

ఏమప్పా సీనా,

గండికోట మీద నువ్వు చేస్తాండే అట్ట ఆట (బోర్డు గేమ్) నోట్సు మొత్తం చదివినా. 100 ప్రాణం పాయింట్లు, 12 లెవెళ్లు, ఆయుధానికొక డ్యామేజీ పట్టీ! వీడియో గేములో ఇదంతా కంప్యూటర్ లెక్క కడతాది. అట్ట మీద ఆ చాకిరీ ఆడేవాళ్లదే. పెన్ను పట్టాల్సి వచ్చే లెక్క ఏదున్నా తీసెయ్. ప్రాణానికి 5 చింతగింజలు, దెబ్బ తగిలితే ఒకటి పక్కకు. అంతే.

దయ్యాలు మాత్రం శానా బాగున్నాయి. 1980 నాటి ప్యాక్‌మ్యాన్ వీడియో గేములో ఆటగాణ్ని తరిమే నాలుగు దయ్యాలకూ తలా ఒక బుద్ధి. పింకీ అనే దయ్యం, ప్యాక్‌మ్యాన్ ముఖం ఎటుంటే అటు నాలుగు గళ్లు ముందుకు గురిపెడతాది. మన పావుకు ముఖం యాడిది? పింకీని వదిలేసి క్లైడ్ అనే దయ్యాన్ని తీసుకో. దూరంగా ఉంటే తరుముతాది, 8 గళ్ల లోపలికొస్తే తన మూలకు మళ్లుకుంటాది. వేలితో గళ్లు లెక్కపెట్టి నడిపించొచ్చు. కానీ ఆ 8ని అట్లే దించొద్దు. నీ కోట 7×7 గళ్లు, గడికొక పలక. మూల నుంచి ఎదురుమూలకు నడిచినా 12 గళ్లే. 8 పెడితే దయ్యం ఎప్పుడూ పారిపోతానే ఉంటాది. 3తో మొదలుపెట్టు.

నడకకు పాచిక వద్దప్పా. బారాకట్టకు గవ్వలే అందం గానీ, ఇక్కడ దారి వెతకడమే మజా. వంతుకు 3 పనులియ్యి: నడవడం, పలక తిప్పడం, వస్తువు తీసుకోవడం. అదృష్టం బోర్లా వేసిన పలకల్లోనే ఉందిగదా.

పలక 5 సెంటీమీటర్లయితే ఏ4 షీటుకు 20 వస్తాయి, 49కి 3 షీట్లు చాలు. ధాన్యాగారం, జుమ్మా మసీదు, రంగనాథస్వామి గుడి పలకలు మిగతావాటితో కలగలిపెయ్. పెన్నా లోయను మాత్రం కలపొద్దు. నడుమ పడితే కోట రెండు ముక్కలై ఒకడు ఇరుక్కుపోతాడు. ఒక అంచున ముందే వెల్లకిలా పరిచెయ్.

చచ్చినోడిని ఆటలోనుంచి తీసెయ్యడమేంది? వీడియో గేములో మరుక్షణమే మళ్లా మొదలు. ఇక్కడ వాడు అర్ధగంట పక్కనోళ్ల ముఖాలు చూస్తా కూచోవాల. కోట వాకిలికి పంపు, చేతిలో వస్తువు చచ్చిన గడిలోనే పెట్టించు.

ఇంగ అట్ట సంగతి. 2 మిల్లీమీటర్ల అట్టకు ఒకపక్కే కాగితం అంటిస్తే, తడికి సాగిన కాగితం ఆరేటప్పుడు ముడుచుకుని అట్టను దోనె మాదిరి వంచుతాది. వెనకపక్క కూడా అదే కాగితం అంటించి, రాత్రంతా బరువు కింద పెట్టి, పొద్దున కట్టర్‌తో కొయ్యి. కానీ ఇది చిట్టచివరి పని. అంతవరకూ చార్టు, పెన్సిల్.

రూల్స్ కాగితం పిల్లోళ్ల చేతికిచ్చి, నోరు కట్టుకుని పక్కన కూచో. వాళ్లు యాడ ఆగి నిన్ను అడుగుతారో ఆ వాక్యం కింద గీత గియ్యి. ఆటకూ ఆటకూ నడుమ ఒక్క అంకే మార్చు. దయ్యం దూరం, పనుల లెక్క రెండూ ఒకేసారి కదిపితే ఏది పనిచేసిందో తెలీదు.

గీతలు గీసిన కాగితం అట్లే పంపు, తిరగరాయొద్దు.

నీ
రమణ