యార్క్ బడిని వదిలేసిన చరిత్ర

సంపాదకుల వారికి,

మన దేశంలో కాథలిక్ సన్యాసినులు నడిపిన బాలికల బోర్డింగ్ స్కూళ్లన్నీ తెల్లదొరల ప్రాపకంలో పుట్టినవేనని ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం తేల్చేసింది. ప్రాపకం దొరకలేదని నేననను. కానీ 1842లో కలకత్తాలో బడి తెరిచిన లొరెటో సన్యాసినుల మూలాలు, కాథలిక్ చదువును ఇంగ్లండ్ చట్టమే నేరమన్న రోజుల్లో అక్కడి యార్క్ నగరంలో చాటుగా నడిచిన ఒక బడిలో ఉన్నాయి.

సర్ థామస్ గాస్కోయిన్ ఇచ్చిన 450 పౌండ్లతో 1686లో ఫ్రాన్సెస్ బెడింగ్‌ఫీల్డ్ అనే సన్యాసిని యార్క్ నగర ద్వారం వెలుపల ఇల్లు తీసుకుని కాథలిక్ కుటుంబాల ఆడపిల్లలకు వసతితో కూడిన బడి పెట్టారు. అక్కడి సన్యాసినులు ఎవరికీ అనుమానం రాకుండా మామూలు స్త్రీల దుస్తులే వేసుకునేవారు. 1769లో పూర్తయిన వారి ప్రార్థనాలయాన్ని చూస్తే ఆ భయం ఎంతటిదో తెలుస్తుంది: గుమ్మటం బయటికి కనబడకుండా పైన మామూలు పలకల కప్పు వేశారు, సోదాకు వస్తే తప్పించుకోవడానికి ఎనిమిది దారులు పెట్టారు, పాద్రీ దాక్కోవడానికి నేల కింద చోటు కూడా ఉంచారు.

ప్రభుత్వం సరే, సొంత మతపీఠం కూడా వీరిని సులువుగా ఒప్పుకోలేదు. మఠం గోడల మధ్య ఉండిపోకుండా బయటికి వచ్చి ఆడపిల్లలకు చదువు చెప్పాలన్న ఇంగ్లండ్ సన్యాసిని మేరీ వార్డ్ సంస్థను 1631లో పోప్ ఎనిమిదో అర్బన్ రద్దు చేయడమే కాక, ఆమెను మ్యూనిక్‌లో నిర్బంధించారు కూడా. ఆమె మార్గంలోనే నడిచిన యార్క్ సన్యాసినులు ఆమెను తమ వ్యవస్థాపకురాలిగా బాహాటంగా చెప్పుకునే అనుమతి 1909 వరకు రాలేదు.

ఆ బడిలో అందరూ సమానులని మాత్రం అనలేం. వసతి ఖర్చు భరించగల ఇళ్ల పిల్లలే అక్కడ ఉండి చదివారు. పేద బాలికలకు 1699లో ఉచితంగా పగటి బడి వేరుగా పెట్టారు. ఈ తేడా తర్వాతి కాలపు కాన్వెంట్లలోనూ కొనసాగింది కనుక వ్యాసకర్త విమర్శలో ఈ భాగంతో నేను ఏకీభవిస్తాను.

యార్క్‌లో చదువుకుని, సన్యాసినిగా శిక్షణ కూడా అక్కడే పొందిన డబ్లిన్ యువతి ఫ్రాన్సెస్ తెరెసా బాల్ 1822లో డబ్లిన్ దగ్గరి రాత్‌ఫార్నమ్‌లో లొరెటో సంస్థ తొలి గృహాన్ని నెలకొల్పారు. కలకత్తాకు సన్యాసినులను పంపింది ఆవిడే. వ్యాసానికి రెండో భాగం ఉంటుందని రాశారు కాబట్టి, అందులో ఈ సంగతులకు చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు