సెలీనియం సూది వేసే ముందు సెలీనియం లెక్క చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మేకలు ఈనే కాలం వచ్చిందంటే మా వైపు పెంపకందార్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మందు వినిపిస్తుంది. పిల్ల లేచి నిలబడట్లేదా, సెలీనియం సూది వెయ్యండి. పాలు గుంజట్లేదా, సెలీనియం. మాయ పడలేదా, మేక ఎదకు రావట్లేదా, దానికీ సెలీనియమే. విటమిన్ ఇ, సెలీనియం కలిపిన ఈ సూదిమందును మా చుట్టుపక్కల మందుల షాపుల్లో డాక్టర్ చీటీ అడగకుండానే ఇస్తున్నారు. ఒకాయన పది మేకలకు వేయించాడని తెలిస్తే, పక్క దొడ్డి ఆయన టెన్షన్ పడి ఇరవైకి వేయిస్తున్నాడు. అసలు మన జీవాలకు సెలీనియం తక్కువైందని తేల్చింది ఎవరు? పశుసంవర్ధక శాఖనూ, మామునూరు, కోరుట్ల పశువైద్య కళాశాలలనూ మీ పత్రిక ద్వారా ఈ ప్రశ్న అడగదలచుకున్నాను.

సెలీనియం ఉత్త మాయ అని నేను అనడం లేదు. ఒంటికి చాలా కొద్దిగా, కానీ తప్పనిసరిగా కావాల్సిన ఖనిజం అది. కండరాల కణాలు పాడవకుండా కాపాడే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ అది లేకుండా తయారు కాదు. విటమిన్ ఇ కూడా దానికి తోడుగా అదే పని చేస్తుంది. ఇవి కరువైన మేకపిల్లలకు తెల్లకండర వ్యాధి వస్తుంది. తల్లి పాలు బాగా తాగి ఏపుగా పెరుగుతున్న పిల్లలకే ఇది తరచుగా తగులుకోవడం విచిత్రం. కాళ్లు బిగుసుకుపోతాయి, వీపు వంచి నడుస్తుంది, పడుకుంటే లేవలేదు. గుండె కండరానికి తగిలితే నిన్నటిదాకా దుంకిన పిల్ల ఉన్నట్టుండి కూలిపోతుంది. కోసి చూస్తే తొడ కండరం ఉడికించిన కోడిమాంసంలా తెల్లగా పాలిపోయి ఉంటుంది. జబ్బు కాళ్ల దాకానే ఉన్నప్పుడు సరైన మోతాదులో సూది పడితే పిల్ల కోలుకునే అవకాశం ఉంది. ఆ మందు ఉన్నది అందుకే.

తిప్పలన్నీ మోతాదు దగ్గరే. మేక తినే మేతలో, ఎండు బరువు లెక్కన, కిలోకు 0.1 నుంచి 0.3 మిల్లీగ్రాముల సెలీనియం ఉంటే సరిపోతుంది. అదే 5 మిల్లీగ్రాములు దాటి రోజూ కడుపులోకి పోతుంటే విషం. సూదికైతే ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. లేత జీవాల్లో ఒంటి బరువు కిలోకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు సూది రూపంలో పోయినా ప్రాణం మీదికి రావచ్చు.

ఇప్పుడు నా ముందు ఒక సీసా ఉంది. మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాముల సెలీనియం అని, కళ్లద్దాలు పెట్టుకున్నా ఒక పట్టాన కనపడని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఉంది. తెలుగు ముక్క ఒక్కటి లేదు. మన నాటు మేకకు పుట్టిన పిల్ల రెండు కిలోలు తూగితే గొప్ప. ‘చిన్నది కదా, ఒక్క ఎంఎల్ చాలు’ అనే మాట అందరి నోటా వింటున్నాం. ఆ ఒక్క ఎంఎల్‌తో పిల్లకు కిలోకు 0.75 మిల్లీగ్రాములు పడ్డట్టు. డాక్టర్లు వాడే మోతాదు సుమారుగా కిలోకు 0.05 మిల్లీగ్రాములు. ఆ లెక్కన రెండు కిలోల పిల్లకు పట్టేది 0.07 మిల్లీలీటరు. మందల దగ్గర ఎక్కువగా ఉండేది అయిదు మిల్లీలీటర్ల సిరంజి, అందులో గీతకూ గీతకూ మధ్య 0.2 ఉంటుంది. అంటే పిల్లకు కావాల్సింది మొదటి గీతలో సగం కూడా కాదు. దొడ్డిలో నిలబడి, ఒక చేత్తో పిల్లను పట్టుకుని, ఆ సిరంజితో ఇది కొలవగలిగిన మనిషి ఉంటే నేను దండం పెడతాను.

మోతాదు మించితే పిల్ల ఊపిరాడక ఎగపోస్తుంది, నోట నురగ వస్తుంది, కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. దీనికంటూ ప్రత్యేకంగా విరుగుడు మందు లేదు. పిల్ల చనిపోయాక ‘సూది వేసినా దక్కలేదు’ అంటాం తప్ప సూది వల్లనే పోయిందేమో అని ఎవరికీ తట్టదు. తెలిసినవాళ్ల చేతిలోనే లెక్క తప్పిన సంగతి చూడండి. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో పెద్ద పోలో పోటీకి తెచ్చిన 21 గుర్రాలు చనిపోయాయి. వాటికి వేసిన పోషకాల మందును ఒక ఫార్మసీలో కలిపేటప్పుడు సెలీనియం ఎక్కువ పడింది. లక్షల డాలర్ల గుర్రాలు కాబట్టి ఆరా తీశారు. మన మేకపిల్ల గురించి ఎవరు ఆరా తీస్తారు?

ఇక ఈ సలహాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. చాలావరకు అమెరికా మేకల వీడియోలు చూసి తెలుగులో చెబుతున్నవే. వాళ్ల దేశంలో పసిఫిక్ తీరపు ఉత్తర రాష్ట్రాల్లో, పెద్ద సరస్సుల చుట్టుపక్కల నేలలో సెలీనియం నిజంగానే తక్కువ. న్యూజిలాండ్‌లోనూ అంతే. అక్కడి రైతు సూది వేశాడంటే అతని నేల సంగతి అతనికి తెలుసు కాబట్టి. అదే అమెరికాలో డకోటా వైపు సెలీనియం ఎక్కువై పశువుల గిట్టలు పగిలి, జుట్టు రాలిన ప్రాంతాలూ ఉన్నాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అక్కడ గొర్రెలకు వాడే సీసాలో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే, పెద్ద పశువుల సీసాలో 5 ఉంటుంది. వీడియోలో ఆయన ఏ సీసా పట్టుకుని ‘ఒక సీసీ’ అన్నాడో మనవాళ్లకు తెలియదు. ఆ గొర్రెల మందు సీసా లేబుల్ మీదే, చూడి గొర్రెలకు వేస్తే ఈసుకుపోవడాలు (కడుపు పోవడాలు), చావులు జరిగాయి కాబట్టి వాటికి వేయవద్దని హెచ్చరిక ఉంది. కోతకు 14 రోజుల ముందు ఆపేయాలనీ ఉంది. మన దగ్గర సోమవారం సూది వేసిన పోతు ఆదివారం కత్తికి పోతుంది.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల నేలలో సెలీనియం మోతాదుకు మించి ఉంది. అక్కడ పండిన మేత తిన్న పశువులకు గిట్టలు ఊడి, కొమ్ములు చెడిపోయిన దాఖలాలున్నాయి. అలాంటి ఊరికి సెలీనియం సూది పంపితే అది వైద్యం అవుతుందా? తక్కువున్న నేల, ఎక్కువున్న నేల ఒకే దేశంలో ఉన్నప్పుడు మనది ఎటువైపో తెలియకుండా సిరంజి పట్టుకోవడం ఏం పద్ధతి?

భూసార కార్డు తీసి చూడండి. 2015లో కేంద్రం మొదలుపెట్టిన ఆ పథకంలో 12 అంశాలు పరీక్ష చేస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ ఉంటాయి, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం ఉంటాయి. సెలీనియం లేదు. పంటకు అది పెద్దగా అక్కర్లేదు కాబట్టి అందులో పెట్టలేదు, అది తప్పు కాదు. కానీ ఆ నేల మీద మొలిచింది తిని బతికే జీవాలకు కావాలి కదా. పైగా నేలలో ఉన్నదంతా మొక్కకు ఎక్కదు. క్షార నేలల్లో బాగా ఎక్కుతుంది, ఆమ్ల నేలల్లో తక్కువ. మా దగ్గర ఒకే మండలంలో ఎర్ర చెల్క, నల్లరేగడి పక్కపక్కనే ఉంటాయి. గొర్రె గడ్డి మేస్తుంది, మేక తుమ్మాకు, సుబాబుల్, రావి కొమ్మల ఆకు దూసుకుని తింటుంది. కాబట్టి పక్క ఊరి గొర్రెల లెక్క మా ఊరి మేకలకు పనికిరాకపోవచ్చు.

ఇంకో సంగతి, చాలా ఖనిజ లవణ మిశ్రమాల్లో, దాణాల్లో ముందే సెలీనియం కలిపి ఉంటుంది. జీవాలు నాకడానికి పెట్టే ఖనిజాల ఉప్పు ఇటుకను ఒకరు, దాణాను ఇంకొకరు నాకు అమ్మారు, ఈ రెండూ వాడుతున్నావా అని ఎవరూ అడగలేదు. పైగా కోళ్ల కోసం తయారైన సెలీనియం ద్రావణాన్ని మేకల తొట్లో కలిపేవాళ్లూ ఉన్నారు. దానికి సూది తోడైతే మొత్తం ఎంతవుతుందో కూడేవాడు లేడు.

పిల్ల లేవకపోవడానికి సెలీనియం ఒక్కటే కారణమా అంటే, కాదు. మొదటి గంటల్లో ముర్రుపాలు అందని పిల్ల లేవదు. బొడ్డు చీము పట్టి కీళ్లు వాచిన పిల్ల లేవదు. చలికి బిగుసుకున్న పిల్ల లేవదు. రాగి లోపించినా వెనక కాళ్లు చచ్చుబడతాయి, చూడ్డానికి అచ్చం సెలీనియం లోపంలానే ఉంటుంది. అలాగని రాగి ఇచ్చుకుంటూ పోతే గొర్రెలకు అదే విషం. ఏది ఏమిటో చెప్పాల్సింది పశువుల డాక్టర్, మందుల షాపు కుర్రాడు కాదు.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు 1 కోటి 90 లక్షలు, దేశంలోనే మొదటి స్థానం. మేకలు సుమారు 49 లక్షలు. 2017లో మొదలైన సర్కారు గొర్రెల పంపిణీలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు, అందులో చాలా జీవాలు పక్క రాష్ట్రాల నుంచి దిగాయి. తలలు లెక్కపెట్టిన సర్కారుకు ఒంట్లో ఖనిజాలు లెక్కపెట్టించడం భారమేమీ కాదు. రక్తంలో సెలీనియం చూడొచ్చు, కాలేయంలో ఇంకా బాగా తెలుస్తుంది. కాలేయం కోసం జీవాన్ని చంపనక్కర్లేదు, ప్రతి ఆదివారం వరంగల్, కరీంనగర్, జగిత్యాలలో ఎన్ని మేకలు తెగుతున్నాయో అందరికీ తెలుసు. మేడారం జాతరప్పుడు తీసుకోవచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు గానీ అక్కడికి జీవాలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, ఊరు తెలియని కాలేయంతో పని లేదు. వారపు అంగడిలో ఏ ఊరి మంద నుంచి కొన్నారో అడిగి రాసుకుంటే చాలు. మామునూరులో, కోరుట్లలో చదువుకుంటున్న పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

ఆ ఫలితాలను మండలాలవారీగా, పశువుల దవాఖాన గోడ మీద టీకాల పట్టిక పక్కనే, తెలుగులో అతికించాలి. తక్కువని తేలిన మండలానికి ఉప్పు ఇటుక రూపంలో సబ్సిడీ మీద ఇవ్వండి. సరిపోయిన చోట సూది వద్దని గట్టిగా చెప్పండి. అప్పటిదాకా ఈ మందు డాక్టర్ చీటీ మీదే అమ్మేలా చూడాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనంలో ఒక వేలాడే తక్కెడ, ఒక మిల్లీలీటరు సిరంజీలు పెట్టి పంపితే ఖర్చు పెద్దగా ఉండదు.

నమూనాలు తీసుకోవడానికి ఎవరైనా వస్తామంటే మా మంద సిద్ధంగా ఉంది. చూడి మేకలను మాత్రం ఈనిన తర్వాతే పట్టుకోనిస్తాను.

ఇట్లు,
ఒక మేకల పెంపకందారు,
పరకాల, హనుమకొండ జిల్లా